బీమా లేని పంటకు, పశువుకు ప్రభుత్వ సాయం: ఉమ్మడి వరంగల్ రైతులు పదే పదే అడిగే ప్రశ్నలు

మార్చిలో వడగళ్లు పడినా, ఆగస్టులో వాగు పొంగినా, అక్టోబరులో తుపాను వచ్చినా రైతు వేదికల దగ్గర, తహసీల్దార్ కార్యాలయాల వరండాల్లో వినిపించే సందేహాలు అవే. అడిగేవారు మారతారు, అడిగేది మారదు. అందుకే వాటిని ఒక చోట చేర్చి రాశాం. ఏ ప్రశ్న మీదైతే నేరుగా దానికే వెళ్లండి. కేంద్ర నిబంధనలు అన్న చోటల్లా 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించినవి అని అర్థం. మీ నష్టం ఆ తరువాతిదైతే ఆ రోజుకు అమలులో ఉన్న ఉత్తర్వును మండలంలో అడిగి చూడండి.

## దరఖాస్తుకు ముందే తేల్చుకోవలసినవి

నేను పంటకు బీమా కట్టలేదు. అయినా నాకు ఏమైనా వస్తుందా?

వస్తుంది. బీమా ఉండాలన్న షరతు ఈ సాయానికి లేదు. అసలు మన దగ్గర బీమా కట్టని రైతే ఎక్కువ: 2020 వానాకాలం నుంచి తెలంగాణ ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నుంచి బయటకు వచ్చింది. పంట పోయినప్పుడు అందే డబ్బు రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి వస్తుంది. ఆ నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. దానికి తోడు రాష్ట్ర ప్రభుత్వం ఒక్కోసారి తన ఖజానా నుంచి విడిగా ప్రకటిస్తుంది. మీకు కావలసినవి రెండే: మూడో వంతు పంట పోయిందని అధికారి రాయాలి, ఆ జాబితాలో మీ పేరు ఉండాలి. పోయిన పంట విలువ మొత్తం వస్తుందని మాత్రం అనుకోవద్దు. మళ్లీ విత్తనానికి, ఎరువుకు చేతిలో కొంత ఉండాలన్న లెక్కతో పెట్టిన రేట్లు ఇవి.

రైతు భరోసా పడుతోంది, రైతు బీమా కూడా ఉంది. ఇది ఇంకా వేరేనా?

మూడూ వేరు. రైతు భరోసా పెట్టుబడి సాయం. 2025 జనవరి 26న మొదలైంది, సీజనుకు ఎకరాకు రూ.6,000. పంట పండినా ఎండినా ఆ లెక్క మారదు. రైతు బీమా 2018 ఆగస్టు 15 నుంచి ఉన్న జీవిత బీమా. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న రైతు చనిపోతే నామినీకి రూ.5 లక్షలు ఇస్తుంది. చేను మునిగితే దాని నుంచి రూపాయి రాదు. పేరులో బీమా ఉంది కదా అని పంట నష్టం కాగితాలు పెట్టకుండా ఊరుకున్నవారు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. పంట నష్టం సాయానికి విడిగా పేరు రాయించుకోవాలి.

ఏ నష్టానికి ఇస్తారు? మా చేను కోతులు, అడవి పందుల పాలైంది.

కేంద్ర జాబితాలో ఉన్నవి ఇవి: తుపాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్ల వాన, కొండచరియలు విరిగిపడటం, హిమపాతం, కుంభవృష్టి, చీడపీడల దాడి, శీతల గాలులు. కోతుల మాట ఎత్తితే ప్రతి ఊళ్లోనూ గంటసేపు చెప్పగలవారు ఉంటారు గాని, ఈ జాబితాలో వాటికి చోటు లేదు. అడవి జంతువులు చేసిన నష్టానికి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టాలి. పశువును పెద్దపులో చిరుతో చంపినా దారి అదే: కళేబరాన్ని కదపకుండా ముందు అటవీ శాఖ బీట్ అధికారికి కబురు పంపండి.

వానలు లేక మొక్కజొన్న ఎండిపోయింది. చూడటానికి ఎవరూ రాలేదు. ఎందుకు?

కరువు ఒక్క చేనును బట్టి తేలదు. వర్షపాతం లోటు, సాగు విస్తీర్ణం, భూగర్భ జలాల వంటివి చూసి ప్రభుత్వం మీ మండలాన్ని కరువు మండలంగా ప్రకటించాలి. 2015లో రాష్ట్రంలో 231 మండలాలను అలా ప్రకటించారు. ప్రకటన లేనప్పుడు ఒక్కొక్కరు పెట్టుకునే అర్జీకి పెద్దగా ఫలితం ఉండదు. గ్రామ సభ తీర్మానం చేసి కలెక్టరుకు పంపడం ఊరందరికీ పనికివస్తుంది.

33 శాతం పోవాలంటారు. ఎవరు కొలుస్తారు? నా కంటికి సగం పోయింది, సారు పాతిక శాతమే అన్నారు.

వ్యవసాయ విస్తరణ అధికారి చేనులోకి దిగి కంటితో చూసి వేసే అంచనాయే అది. తూకం ఉండదు, యంత్రం ఉండదు. 2015 వరకు సగం పంట పోతే తప్ప సాయం లేదు. ఆ ఏడాది కేంద్రం హద్దును 33 శాతానికి దించింది. 32 అని రాస్తే సున్నా. 33 అని రాస్తే పూర్తి రేటు. 90 శాతం పోయినా అదే రేటు. అందుకే గొడవలన్నీ ఈ ఒక్క అంకె దగ్గరే.

గట్టు మీద నిలబడి చూస్తే వరి ఎప్పుడూ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. వడగళ్లు పడ్డాక కంకి నిటారుగానే నిలబడుతుంది, గింజ మాత్రం కింద బురదలో ఉంటుంది. కాబట్టి అధికారిని మడి మధ్యకు నడిపించండి. ఒక కంకి తెంచి అరచేతిలో నలిపి ఎన్ని గింజలు మిగిలాయో చూపండి. కాళ్ల దగ్గర రాలిన గింజలను మట్టితో సహా పిడికిట్లోకి తీసి చూపండి. మొక్కజొన్నలో వాలిన మొక్క వేరు, నడుము విరిగిన మొక్క వేరు. లేత దశలో వాలినది మళ్లీ లేస్తుంది, విరిగినది లేవదు. ఒక వరుస పట్టుకుని వంద మొక్కలు లెక్కపెట్టి, విరిగినవి ఎన్నో చెప్పగలిగితే మీ మాటకు బరువు వస్తుంది. ఒకే మూల చూసి వెళ్లిపోతుంటే మరో రెండు మూలలు కూడా చూడమని మర్యాదగా అడగండి. అధికారి మీద అరవడం వల్ల అంకె పెరిగిన సందర్భం మేమైతే చూడలేదు.

నేను కౌలు రైతును. పాసుపుస్తకం యజమాని పేరు మీద ఉంది. డబ్బు ఎవరికి వస్తుంది?

అన్నిటికంటే చేదు ప్రశ్న ఇదే. విత్తనం మీది, ఎరువు మీది, కౌలు ముందే కట్టేశారు. జాబితా మాత్రం పట్టాదారు వివరాలు దగ్గర పెట్టుకుని తయారవుతుంది. కౌలుదారులకు గుర్తింపు ఇవ్వడానికి 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం ఉంది. దాని కింద రుణ అర్హత కార్డు ఇవ్వాలి. కార్డు ఉన్న కౌలుదారు మన ఊళ్లలో అరుదు. 2023 మార్చి వడగళ్ల తరువాత అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వరంగల్, మహబూబాబాద్ జిల్లాల్లో తిరిగినప్పుడు కౌలు రైతులకూ సాయం అందాలని చెప్పారు. కానీ ముఖ్యమంత్రి మాటకూ ఊళ్లో తయారయ్యే జాబితాకూ మధ్య చాలా దూరం ఉంటుంది.

మీ చేతిలో ఉన్న పని ఇది. పంటల నమోదు జరిగేటప్పుడే సాగుదారుగా మీ పేరు రాయమని విస్తరణ అధికారిని అడగండి. నష్టం జరిగాక, ఈ సర్వే నంబరులో ఈ సీజను సాగు చేసింది ఫలానా వారేనని యజమాని చేత ఒక కాగితం రాయించుకుని, ఇద్దరు పక్క రైతుల సంతకాలతో దరఖాస్తుకు జత చేయండి. యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే ఫోనులో పంపిన సందేశం కూడా ఏమీ లేకపోవడం కంటే నయం. ఇంకా మంచిది, కౌలు మాట్లాడుకునే రోజునే పంట నష్టం సాయం వస్తే సాగుదారుకే చెందుతుందన్న ఒక్క వాక్యం రాయించుకోవడం. డబ్బు అవతలి ఖాతాలో పడ్డాక మొహమాటంతో అడగలేని పరిస్థితి చాలామందిది.

భూమి ఇంకా మా నాన్న పేరునే ఉంది, ఆయన లేరు. మాకు ఇస్తారా?

చనిపోయినవారి ఖాతాలోకి డబ్బు వేయరు, మీ పేరున వేయాలంటే ఆధారం కావాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి పత్రం జత చేసి తహసీల్దారుకు ఇవ్వండి. దీనితోపాటే భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో విరాసత్ (వారసుల పేరుకు మార్పు) దరఖాస్తు కూడా పెట్టండి. ఈసారికి కుదరకపోయినా వచ్చే సీజనుకైనా పేరు మారి ఉంటుంది.

మాది పోడు భూమి. పట్టా పాసుపుస్తకం లేదు.

అటవీ హక్కుల పత్రం ఉంటే దాని నకలుతో దరఖాస్తు ఇవ్వండి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ ఏజెన్సీ గ్రామాల్లో చాలామంది దగ్గర ఉన్నది అదే. ఆ పత్రం కూడా లేకపోతే పని కష్టం. అయినా గ్రామ సభలో నష్టం నమోదు చేయించి, ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి.

## నష్టం జరిగిన మొదటి రోజుల్లో

ముందు ఎవరికి చెప్పాలి?

వరి, పత్తి, మొక్కజొన్న అయితే మీ క్లస్టరు వ్యవసాయ విస్తరణ అధికారికి, అంటే ఏఈఓకు. మిర్చి, మామిడి, పసుపు, కూరగాయలు ఉద్యాన శాఖ కిందికి వస్తాయి. ఏఈఓకు చెప్పడంతోపాటు ఉద్యాన అధికారికీ విడిగా చెప్పండి, లేకపోతే ఈ శాఖ వారు ఆ శాఖ చూస్తుందని అనుకుంటారు. పొలంలో ఇసుక మేట వేసినా, ఇల్లు కూలినా తహసీల్దార్ కార్యాలయం. పశువు చనిపోతే పశువైద్యాధికారి. ఫోనులో చెప్పడం మంచిదే, కానీ ఆ రోజే ఒక తెల్లకాగితం మీద పేరు, ఊరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం, నష్టం జరిగిన తేదీ రాసి ఇచ్చి, ఇంకో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. రేపు జాబితాలో పేరు లేకపోతే మాట్లాడేది ఆ ముద్రే.

సర్వేకు వచ్చేదాకా చేను అలాగే ఉంచాలా? యాసంగి దున్నకాలకు ఆలస్యమవుతోంది.

రెండు మూడు రోజులు ఆగగలిగితే ఆగండి. ఆగలేని పరిస్థితి అయితే ఏఈఓకు చెప్పి, ఫోటోలు తీసి, చేనులో ఒక చెక్కను దున్నకుండా వదిలేసి మిగతాది చేసుకోండి. నీళ్లలో పడిన వరిని వెంటనే లేపి కట్టలు కడితే కొంత దక్కుతుంది. సాయం కోసం దక్కే పంటను కూడా వదులుకోవడం తెలివైన లెక్క కాదు, ఎకరాకు వచ్చే డబ్బు కంటే మిగిలే గింజ విలువే ఎక్కువ ఉండవచ్చు.

ఫోటోలు ఎలా తీస్తే పనికివస్తాయి?

తేదీ, సమయం, స్థలం ఫోటో మీదనే పడేలా ఫోను అమర్చుకోండి. మొదటి ఫోటోలో చేనుతోపాటు ఊళ్లో అందరికీ తెలిసిన గుర్తు ఏదైనా ఉండాలి: ట్రాన్స్‌ఫార్మర్, గుడి, చెరువు కట్ట. తరువాత దగ్గర నుంచి మొక్క, కంకి, కాయ. చివరగా మీరు చేనులో నిలబడినది ఒకటి. నీళ్లు నిలిచి ఉన్నప్పుడే తీయాలి. రెండు రోజుల్లో నీళ్లు ఇంకిపోయాక తీసిన ఫోటోలో వరద కనిపించదు. మామిడి తోటలో కాయలు ఏరక ముందు చెట్టు కింద తీయండి. ఏరేశాక తీస్తే పచ్చని చెట్టు తప్ప ఏమీ ఉండదు.

వాన పడిన రోజు మిర్చి తోట బాగానే ఉంది. సర్వే అయిపోయాక వారానికి వాలిపోయింది. ఇప్పుడు?

ఇది మిర్చి రైతుల గోడు. పరకాల వైపు వెళ్లినా, నర్సంపేట వైపు వెళ్లినా వినిపిస్తుంది. వరి మునిగితే ఆ రోజే కనిపిస్తుంది. మిర్చికి వేరు దగ్గర జబ్బు. సాళ్లలో నీళ్లు నిలిస్తే వేరుకు గాలి ఆడదు, కుళ్లు మొదలవుతుంది. ఆకు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటుంది. ఎండ కాసిన మొదటి రెండు రోజుల్లో మధ్యాహ్నం వాలి సాయంత్రం లేస్తుంది, ఆ తరువాత లేవదు. ఈలోగా అధికారి వచ్చి పచ్చని తోట చూసి నష్టం లేదని రాసుకుని వెళ్తాడు. ఆయన చూసిన రోజున ఆయన రాసింది నిజమే.

అందుకని తోటలో నీళ్లు నిలిస్తే వాలే దాకా ఆగవద్దు. నీళ్లు ఉన్నప్పుడే ఉద్యాన అధికారికి రాతపూర్వకంగా చెప్పి, తోటను మళ్లీ చూడాలని అదే కాగితంలో కోరండి. వాలాక రెండు మూడు మొక్కలు పీకి, వేరు గోధుమ రంగుకు తిరిగి తోలు ఊడివస్తున్నది ఫోటో తీయండి. తుది జాబితా కలెక్టరు కార్యాలయానికి వెళ్లక ముందైతే పేరు చేర్చడం కష్టం కాదు. వెళ్లాక అనుబంధ జాబితా కోసం తిరగాలి. ఎకరానికి లక్ష దాటి పెట్టుబడి పెట్టిన తోటకు కొన్ని వేల కోసం ఇంత తిరుగుడా అని విసుగు రావడం సహజం. అయినా కాగితం మాత్రం ఆ రోజే ఇచ్చి ఉంచండి.

పంటల నమోదులో నా చేను పత్తి అని ఉంది. నేను వేసింది మొక్కజొన్న.

సరిచేయించకపోతే జాబితా దగ్గర ఇబ్బంది ఖాయం. విత్తనం కొన్న రసీదు, ఇప్పుడు చేనులో ఉన్న పంట ఫోటో తీసుకుని ఏఈఓ దగ్గరికి వెళ్లండి. పంట ఉండగానే సరిదిద్దుతారు. రేపు మార్కెట్లో, కొనుగోలు కేంద్రంలో కూడా ఇదే నమోదు అడుగుతారు.

వడ్లు కోసి కల్లంలో పోశాం. తడిసి మొలకెత్తాయి. ఇది పంట నష్టం కిందికి వస్తుందా?

సాధారణంగా రాదు. సాయం లెక్క చేనులో నిలిచి ఉన్న పంట మీదే వేస్తారు. తడిసిన ధాన్యం సంగతి పౌర సరఫరాల శాఖ చూస్తుంది. కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకు 17 శాతం వరకు తేమ అనుమతి. భారీ వానల తరువాత తడిసిన ధాన్యం కొంటామని ప్రభుత్వం ప్రకటిస్తే ఆ ఆదేశం ప్రకారం మిల్లుకు పంపుతారు. కొనుగోలు కేంద్రం నిర్వాహకుల దగ్గర మీ వరుస సంఖ్య, కుప్ప బరువు ముందే రాయించి ఉంచుకోండి.

పత్తి మొదటి తీత అయిపోయాక వాన పడింది. చెట్టు మీది కాయలన్నీ నల్లబడ్డాయి. సగం అమ్ముకున్నావు కదా అంటున్నారు.

అమ్ముకున్నది పోను చెట్టు మీద ఇంకా ఎంత ఉందో చూపడమే మీ వాదన. అక్టోబరు వానకు విచ్చిన పత్తి తడిసి రంగు మారుతుంది, విచ్చని కాయ లోపలే కుళ్లుతుంది. నాలుగైదు కాయలు చీల్చి చూపండి. తడిసి రాలిన పత్తిని ఏరి ఆరబెట్టినా భారత పత్తి సంస్థ కేంద్రంలో 8 శాతం తేమకే పూర్తి మద్దతు ధర, 12 దాటితే కొనరు. ఆ కారణంతో వెనక్కి పంపితే ఆ చీటీని కూడా దరఖాస్తుకు జత చేయండి.

## పశువులు, గొర్రెలు, కోళ్లు

గేదె చనిపోయింది. ఏం చేస్తే డబ్బు వస్తుంది?

పాతిపెట్టక ముందు పశువైద్యాధికారిని పిలిపించాలి. ఆయన పోస్టుమార్టం చేసి, వరద వల్లో వడగళ్ల వల్లో చనిపోయిందని ధ్రువపత్రం ఇస్తారు. ఆ పత్రం లేకుండా ఫైలు కదలదు. దూర గ్రామమైతే ముందు స్థానిక పశువైద్యశాలకు ఫోను చేయండి. బతికి ఉండి గాయపడిన పశువుకు 1962 సంచార వైద్యశాలను పిలవవచ్చు. చెవికి ఉన్న పసుపు పోగు మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. అది స్పష్టంగా కనిపించేలా ఒక ఫోటో, పశువు పూర్తిగా కనిపించేలా ఒకటి, పక్కన మీరు ఉన్నది ఒకటి తీయండి. పోగు కోసి దాచుకోండి, పారేయవద్దు. ఆ తరువాత లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. ఊరవతల వాగులో పడేస్తే మిగతా పశువులకూ ముప్పు, మీ ఆధారమూ పోతుంది.

వరదలో బర్రెలు కొట్టుకుపోయాయి. కళేబరమే దొరకలేదు. పోస్టుమార్టం ఎక్కడిది?

2023 జులై 27న మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు ఇదే పరిస్థితి. ఆ ముందు రోజు నుంచి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటి నీటిలో కట్టేసిన పశువు కూడా నిలవదు. కళేబరం లేనప్పుడు పంచనామాయే ఆధారం. రెవెన్యూ సిబ్బంది, పశువైద్యాధికారి, ఊరి పెద్దలు కలిసి రాసి సంతకాలు చేయాలి. దానికి బలం ఇచ్చేవి: పాల కేంద్రంలో మీ పేరున పాలు పోసిన చీటీలు, పశువైద్యశాలలో టీకా వేయించిన నమోదు, చెవి పోగు సంఖ్య, పాత ఫోటోలు. పాలు పోసే చీటీని ఎవరూ ఆధారం అనుకోరు గాని, రోజూ ఎన్ని లీటర్లు పోస్తారో దానిలో ఉంటుంది, ఎన్ని బర్రెలు ఉన్నాయో దాన్ని బట్టి చెప్పవచ్చు.

ఎన్ని పశువులకు, ఎంత చొప్పున ఇస్తారు?

కేంద్ర నిబంధనల్లో పాలిచ్చే గేదె లేదా ఆవుకు రూ.37,500, దున్నే ఎద్దుకు రూ.32,000, దూడకు రూ.20,000, గొర్రె లేదా మేకకు రూ.4,000. కుటుంబానికి పెద్ద పాడి పశువులు 3 వరకు, గొర్రెలు, మేకలు 30 వరకు లెక్కిస్తారు. 2024 సెప్టెంబరు వరదల సమయంలో రాష్ట్ర ప్రభుత్వం పశువుకు రూ.50 వేలు, గొర్రెకు, మేకకు రూ.5 వేలు ఇస్తామని ప్రకటించింది. వంద గొర్రెల మంద పోయిన కాపరికి 30 లెక్క ఏ మూలకూ సరిపోదు, నిజమే. కుటుంబంలో విడి విడి మందలు ఉంటే ఎవరి మంద వారి పేరున రాయించండి. పంపిణీ పథకంలో వచ్చిన గొర్రెలైతే వాటికి బీమా ఉందేమో కూడా చూసుకోండి.

పిడుగు పడి చెట్టు కింద ఉన్న గొర్రెలు చనిపోయాయి.

2022-26 కేంద్ర జాబితాలో పిడుగు లేదు. రాష్ట్రాలు తమ దగ్గర తరచూ జరిగేవాటిని స్థానిక విపత్తులుగా ప్రకటించుకుని, నిధిలో 10 శాతం వరకు వాటికి వాడుకోవచ్చు. కాబట్టి రాదని మీరే తేల్చేసుకోవద్దు. పోస్టుమార్టం చేయించి తహసీల్దారుకు దరఖాస్తు ఇవ్వండి.

తెగిన కరెంటు తీగ తగిలి ఎద్దు పోయింది.

అది విద్యుత్ పంపిణీ సంస్థ చెల్లించవలసిన పరిహారం, విపత్తు నిధిది కాదు. లైన్‌మన్‌కు, పోలీసులకు వెంటనే తెలియజేసి పంచనామా రాయించండి. పోస్టుమార్టం నివేదికతో సెక్షన్ ఇంజినీరుకు దరఖాస్తు పెట్టాలి.

వరద నీళ్లలో కోళ్లు చనిపోయాయి.

కోడికి రూ.100, ఇంటికి గరిష్ఠంగా రూ.10,000. పెద్ద ఫారాలకు ఈ సాయం నామమాత్రమే. బర్డ్ ఫ్లూ వల్ల పోయిన కోళ్లకు పశుసంవర్ధక శాఖ విడిగా చూసుకుంటుంది.

## డబ్బు లెక్క

ఎకరానికి ఎంత? ఒకరు పది వేలంటారు, ఒకరు మూడు వేలంటారు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కేంద్ర నిబంధనలు హెక్టారు లెక్కలో ఉంటాయి: వర్షాధార పంటకు రూ.8,500, నీటి పారుదల ఉన్న పంటకు రూ.17,000, మామిడి వంటి బహువార్షిక తోటలకు రూ.22,500. హెక్టారు అంటే 2 ఎకరాల 19 గుంటలు. అంటే ఎకరానికి వరుసగా దాదాపు రూ.3,440, రూ.6,880, రూ.9,100. బోరు కింద 3 ఎకరాల వరి పోతే రూ.20 వేలు దాటుతుంది. ఆ పక్కనే వాన మీద ఆధారపడ్డ 3 ఎకరాల పత్తికి పదివేల చిల్లర. కాబట్టి బావి, బోరు, కాలువ ఏది ఉన్నా దరఖాస్తులో రాయడం మరవవద్దు.

పది వేల మాట రాష్ట్ర ప్రభుత్వానిది. 2023 మార్చి వడగళ్లప్పుడు ఎకరానికి రూ.10 వేలు ప్రకటించారు. ప్రభుత్వం మారాక 2024 సెప్టెంబరు వరదలకు, 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు వరంగల్ ప్రాంతం మునిగినప్పుడు కూడా అదే అంకె చెప్పారు. అయితే అది ఆ ఒక్క విపత్తుకు చేసిన ప్రకటన, శాశ్వత రేటు కాదు. మీ ఊరికి నష్టం జరిగిన తేదీ ఏ ఉత్తర్వు పరిధిలోకి వస్తుందో మండల వ్యవసాయ అధికారిని అడగండి.

నాకు 9 ఎకరాలు ఉంది, అంతా మునిగింది. అంతటికీ ఇస్తారా?

కేంద్ర నిబంధనల్లో ఒక్కో రైతుకు 2 హెక్టార్ల వరకే, అంటే దాదాపు 4 ఎకరాల 38 గుంటలు. రాష్ట్రం విడిగా ప్రకటించినప్పుడు పరిమితి ఆ ఉత్తర్వులోనే రాసి ఉంటుంది. అన్నదమ్ముల మధ్య భాగాలు పంచుకుని సాగు చేస్తున్నా పాసుపుస్తకం ఒక్కటే ఉంటే ఒక్కరికే లెక్క వస్తుంది.

వాగు మీద పడి పొలమంతా ఇసుక మేట వేసింది. పంట సంగతి సరే, భూమి ఏం కావాలి?

మేట తొలగించడానికి విడిగా పద్దు ఉంది. ఇసుక లేదా ఒండ్రు 3 అంగుళాలకు మించి పేరుకుంటే హెక్టారుకు రూ.18,000. వాగు దారి మార్చుకుని భూమినే కోసుకుపోతే హెక్టారుకు రూ.47,000, ఇది సన్న, చిన్నకారు రైతులకే. పంట నష్టం కాగితం ఏఈఓకు, ఇది తహసీల్దారుకు. రెండు వేర్వేరు దరఖాస్తులు రాయండి. ఇసుకలో గుంత తీసి, ఇనుప స్కేలో అంగుళాల టేపో నిలబెట్టి పాత నేల దాకా లోతు కనిపించేలా ఫోటో తీయండి. జేసీబీ పెట్టి ఎత్తిస్తే బిల్లు దాచుకోండి. ఎత్తిన ఇసుకను ఊరు దాటించే ముందు అనుమతి ఉందో లేదో చూసుకోకపోతే కొత్త తలనొప్పి మొదలవుతుంది.

మోటారు, పైపులు, స్టార్టరు కొట్టుకుపోయాయి.

పంట నష్టం పద్దులో వాటికి చోటు లేదు. అయినా దరఖాస్తులో ఒక వాక్యం రాసి పెట్టండి. ఎప్పుడైనా విడిగా సాయం ప్రకటిస్తే నమోదు ఉన్నవారినే ముందు చూస్తారు.

## జాబితా, బ్యాంకు, ఫిర్యాదు

జాబితాలో నా పేరు లేదు. పక్కన ఉన్న చేను పేరు ఉంది.

ముందు జాబితా కళ్లతో చూడండి, చెప్పిన మాట నమ్మవద్దు. గ్రామ పంచాయతీ దగ్గరో రైతు వేదికలోనో అతికించాలి. సర్వే నంబరు తప్పు పడినా, ఉపసంఖ్య వదిలేసినా పేరు వేరొకరి కింద కనిపిస్తుంది. నిజంగానే లేకపోతే ముద్ర వేసిన దరఖాస్తు ప్రతి, ఫోటోలు జత చేసి మండల వ్యవసాయ అధికారికి అభ్యంతరం ఇవ్వండి. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి, అక్కడ ఇచ్చిన అర్జీకి సంఖ్య పడుతుంది. నలుగురైదుగురికి ఇదే జరిగితే కలిసి వెళ్లండి.

పేరు ఉంది, మంజూరైందన్నారు. ఖాతాలో మాత్రం పడలేదు.

తొంభై పాళ్లు ఖాతా వివరాల్లోనే తేడా ఉంటుంది. మన ప్రాంతంలో దీనికి ప్రత్యేక కారణం ఉంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఇంట్లో ఉన్న పాత పుస్తకం మీది ఐఎఫ్ఎస్‌సీ కోడ్ రాసి ఇచ్చినవారి డబ్బు వెనక్కి వెళ్తుంది. బ్యాంకుకు వెళ్లి ఇప్పటి కోడ్ రాయించుకోండి, ఆధార్ ఏ ఖాతాకు జతపడిందో అడగండి. రెండేళ్లుగా ఖాతా వాడకపోతే అది నిద్రాణ ఖాతాగా మారి ఉండవచ్చు, వివరాలు మళ్లీ ఇచ్చి తెరిపించండి. ఆ కాగితం నకలు ఏఈఓకు ఇచ్చి మళ్లీ పంపమని కోరండి.

సాయం పడిన రోజే బ్యాంకు పాత అప్పు కింద జమ చేసుకుంది.

మేనేజరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు ఒక ప్రతి, కలెక్టరుకు ఒక ప్రతి పంపండి. కలెక్టరు బ్యాంకర్లతో సమావేశం పెట్టినప్పుడు ఇలాంటివి అక్కడికి వెళ్తాయి. 30 రోజుల్లో బ్యాంకు నుంచి సమాధానం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు.

పంట పోయింది, పంట రుణం గడువు దగ్గర పడింది. ఏమైనా వెసులుబాటు ఉందా?

ఉంది, అడిగేవారే తక్కువ. ప్రకృతి విపత్తుల సమయంలో పంట రుణాలను తిరిగి అమర్చడానికి (తీర్చే గడువు పెంచడానికి) రిజర్వు బ్యాంకు 2018లో ఆదేశాలు ఇచ్చింది; ఇప్పుడు అమలులో ఉన్నవి ఏవో బ్యాంకులో అడిగి చూడండి. 2018 ఆదేశాల ప్రకారం నష్టం 33 నుంచి 50 శాతం మధ్య ఉంటే తీర్చడానికి 2 ఏళ్ల వరకు, 50 శాతం లేదా అంతకు మించితే 5 ఏళ్ల వరకు గడువు ఇవ్వవచ్చు. రెండింటిలోనూ మొదటి ఏడాది కట్టనక్కరలేదు. ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని విపత్తు ప్రాంతంగా గుర్తించి ఉండాలి. ఇది మాఫీ కాదు, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. గడువు దాటి ఖాతా బాకీ పడక ముందే దరఖాస్తు ఇవ్వాలి, దాటాక బ్యాంకు వినే తీరు మారుతుంది.

పేరు రాయడానికి ఎకరానికి ఇంత అని అడుగుతున్నారు.

ఇవ్వవద్దు. నమోదుకు ఏ రుసుమూ లేదు. అవినీతి నిరోధక శాఖ టోల్ ఫ్రీ నంబరు 1064. ఇచ్చి పేరు రాయించుకున్నా, తరువాత తనిఖీలో తేడా తేలితే జాబితా నుంచి పోయేది మీ పేరే.

నా దరఖాస్తు ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పడం లేదు.

సమాచార హక్కు చట్టం కింద అడగండి. మండల కార్యాలయానికి రుసుము 5 రూపాయలు, జిల్లా కార్యాలయానికి 10, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నాకు డబ్బు ఎందుకు రాలేదు అని అడిగితే సమాధానం దాటవేస్తారు. దానికి బదులు కాగితాలు అడగండి: ఫలానా తేదీ వర్షానికి మా గ్రామంలో తయారైన పంట నష్టం జాబితా నకలు, నా సర్వే నంబరు ఎదుట రాసిన నష్ట శాతం, పరిశీలించిన తేదీ, పరిశీలించిన అధికారి హోదా, జాబితాను పై కార్యాలయానికి పంపిన లేఖ నకలు. చాలా ఫైళ్లు జవాబు ఇచ్చే గడువు లోపలే కదులుతాయి. కదలకపోతే ఆ జవాబు కాగితంతో ప్రజావాణికి వెళ్లవచ్చు.